మూడో గేరు పడేదాకా ఆగమన్న స్విచ్చి

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో టీసీఎస్ అంటే మనలో సగం మంది పనిచేసిన, మిగతా సగం మంది ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన ఆ కంపెనీ కాదు. ఇది ట్రాన్స్‌మిషన్ కంట్రోల్డ్ స్పార్క్. 1970 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ వాళ్ళు తమ కార్లలో పెట్టిన చిన్న ఏర్పాటు. ఒక స్విచ్చి, ఒక సొలెనాయిడ్, రెండు మూడు రబ్బరు గొట్టాలు, కాస్త వైరు. అంతే.

పాత అమెరికన్ కారు కొనుక్కుని, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సు దించేసి ఇంకో రకం ఎక్కిద్దామనుకునే వాళ్ళ చేతికి తగిలే చిక్కుముడుల్లో ఇదొకటి. దాన్ని చూడగానే "పాత పొల్యూషన్ చెత్త, పీకి పారెయ్" అనేవాళ్ళే ఎక్కువ. పీకే ముందు అది అక్కడికి ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నా వాదన. అర్థం కాలేదన్న ఒక్క కారణంతో పాత కోడులోని ఇఫ్ కండిషన్ని డిలీట్ చేసి, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి పంపే ధైర్యం మనలో ఎంతమందికుంది చెప్పండి?

కథ లాస్ ఏంజిలిస్‌లో మొదలవుతుంది. 1943 జూలైలో ఆ ఊరిని ఒక ఘాటైన పొగ కమ్మేసింది. కళ్ళు మంటలు, దగ్గులు. యుద్ధకాలం కదా, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమో అని కూడా అనుకున్నారట జనం. అప్పటికి ఎవరి అనుమానమైనా ఫ్యాక్టరీల మీదే. అసలు దొంగని పట్టుకున్నది కాల్‌టెక్‌లో పనిచేసే హాగెన్-స్మిట్ అనే డచ్చి శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన పరిశోధన అనాసపండు వాసన మీద! ఆ వాసనలు పట్టే విద్యతోనే 1950ల మొదట్లో తేల్చి చెప్పాడు: బండ్లలోంచి, పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లోంచి వచ్చే కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఈ పొగని పుట్టిస్తున్నాయని. కంపెనీలు చాలాకాలం ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత వరసగా నిబంధనలు వచ్చాయి. 1966 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1968 నుంచి దేశమంతా కొత్త కార్ల పొగకి హద్దులు పెట్టారు. 1967లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు పుట్టింది, దానికి మొదటి ఛైర్మన్ ఈ హాగెన్-స్మిట్ గారే. 1970 డిసెంబరు 31న నిక్సన్ క్లీన్ ఎయిర్ చట్టం మీద సంతకం పెట్టాడు. హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్ 1975కల్లా 90 శాతం తగ్గాలన్నారు, నైట్రోజన్ ఆక్సైడ్లకి ఇంకో ఏడాది గడువిచ్చారు. ఎలా తగ్గించాలో ఆరోజుకి ఎవరికీ పూర్తిగా తెలీదు. రిక్వైర్మెంట్ ముందు, డిజైన్ తర్వాత. మనకి కొత్తేం కాదు :-)

క్యాటలిటిక్ కన్వర్టర్ 1975 మోడళ్ళతోగానీ రాలేదు. ఈలోపు ఏం చెయ్యాలి? కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ఉన్నదల్లా కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఇంజను పీల్చే గాలివల్ల పుట్టే వాక్యూమ్. ఆ మూడింటితోనే ఏదో ఒకటి చెయ్యాలి. మన టీసీఎస్ ఆ కాలపు బిడ్డ.

ఇక్కడ ఇంజను గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. మెకానికల్ వాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. పిస్టన్ పైకొచ్చి పెట్రోలు-గాలి మిశ్రమాన్ని నొక్కుతుంది. స్పార్క్ సరిగ్గా పైకి చేరినప్పుడు కాదు, కాస్త ముందే వెయ్యాలి, ఎందుకంటే మంట పాకడానికి సమయం పడుతుంది. హైవే మీద యాక్సిలరేటర్ని తేలిగ్గా నొక్కి పోతున్నప్పుడు సిలిండర్లో మిశ్రమం పలచగా ఉంటుంది, మెల్లిగా కాలుతుంది. అప్పుడు స్పార్క్ ఇంకా ముందు పడాలి. అలాంటప్పుడు వాక్యూమ్ బలంగా ఉంటుంది కాబట్టి, ఆ వాక్యూమ్‌నే ఒక గొట్టంలో డిస్ట్రిబ్యూటర్ దాకా తీసుకెళ్ళి, అక్కడున్న పల్చటి పొరని లాగించి, స్పార్క్‌ని ముందుకి జరిపేవాళ్ళు. దీన్నే వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. మైలేజీ బాగుంటుంది, ఇంజను చల్లగా ఉంటుంది. కానీ లోపల మంట వేడి పెరుగుతుంది, దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. అదే స్పార్క్ ఆలస్యంగా వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. బయటికి పోయే పొగ మాత్రం ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి మిగిలిపోయిన పెట్రోలు దారిలోనే కొంత కాలిపోతుంది. రెండు రకాల కాలుష్యాలూ తగ్గుతాయి. బదులుగా మైలేజీ పోతుంది, ఇంజను వేడెక్కుతుంది.

మరి ఊళ్ళో తిరిగేటప్పుడు మాత్రమే ఆలస్యం చేసి, హైవే ఎక్కాక వదిలేస్తే? బండి ఊళ్ళో ఉందో హైవే మీద ఉందో ఎవరు చెప్పాలి? గేర్‌బాక్సు. ఇది నాకు భలే నచ్చిన ఆలోచన. టర్బో హైడ్రమాటిక్ 350 లాంటి మూడు గేర్ల ఆటోమేటిక్‌లో మూడో గేరు పడాలంటే ఒక క్లచ్చి మీదకి నూనె ఒత్తిడి రావాలి. ఆ ఒత్తిడిని పసిగట్టే స్విచ్చి ఒకటి గేర్‌బాక్సుకి బిగించారు. వాక్యూమ్ గొట్టం దారిలో ఒక సొలెనాయిడ్ వాల్వు పెట్టారు. మొదటి రెండు గేర్లలో దారి మూత. మూడో గేరు పడగానే దారి తెరుచుకుంటుంది. అంటే, ఇఫ్ టాప్ గేర్, దెన్ అడ్వాన్స్. నూనెతో, గాలితో, రాగి తీగతో రాసిన ఒక లైను కోడు!

దీనికో తమాషా సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంది. ఈ గేర్‌బాక్సులో మూడో గేరుకి వాడే క్లచ్చే రివర్సులో కూడా పట్టుకుంటుంది. కాబట్టి రివర్సులో కూడా అడ్వాన్స్ వచ్చేస్తుంది. ఎవరూ కావాలని అడిగింది కాదు. వెనక్కి గంటకి వంద మైళ్ళు పోయేవాడెవడూ లేడు కాబట్టి పట్టించుకోలేదు.

కోడు ఒక్క లైనుతో ఎప్పుడైనా ఆగిందా? బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, అడ్వాన్స్ లేదు, ఇంజను కుతకుతలాడుతోంది. అందుకని నీళ్ళ వేడి హద్దు దాటితే గేరుతో పనిలేకుండా అడ్వాన్స్ ఇచ్చెయ్యమని ఒక స్విచ్చి. పొద్దున్నే చల్లటి ఇంజను దగ్గుతూ ఆగిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు కూడా ఇచ్చెయ్యమని మరో షరతు. స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లు ఇవ్వమని ఒక టైమ్ రిలే. 1971లో షెవ్రొలే వాళ్ళు ఆ సొలెనాయిడ్‌కే ఇంకో పని కూడా అప్పజెప్పారు. టాప్ గేరులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు కార్బ్యురేటర్ పూర్తిగా మూసుకుపోకుండా కొద్దిగా తెరిచి ఉంచాలి. దానికి సీఈసీ వాల్వ్ అని పేరు. అది అచ్చం ఐడిల్ స్పీడు సరిచేసే స్క్రూ లాగే కనిపిస్తుంది. మెకానిక్కులు దాన్నే తిప్పేవారు, దీంతో ఐడిల్ సెట్ చెయ్యకండి మొర్రో అని కంపెనీ హెచ్చరికలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకే ఫంక్షన్‌లో రెండు పనులు ఇరికిస్తే ఇంతే.

అసలు గొడవ ఈ మినహాయింపుల దగ్గరే వచ్చింది. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలంటే పెట్రోలు బంకు పక్కన బండి నిలబెట్టి, పొగ గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి చూస్తారు. అమెరికాలో కొత్త మోడల్‌కి అనుమతి ఇచ్చే పరీక్ష అలా ఉండదు. బండిని రోలర్ల మీదకి ఎక్కించి, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం నడిపి, వచ్చే పొగంతా సంచుల్లో పట్టి కొలుస్తారు. ఆ పరీక్ష గది వేడి 68 నుంచి 86 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. సరిగ్గా ఈ అంకెల్ని కొందరు ఇంజనీర్లు వేరే కంటితో చూశారు. బయటి గాలి చల్లబడితే కాలుష్య నియంత్రణని ఆపేసే స్విచ్చిలు వచ్చాయి. పరీక్షలో అంతా బుద్ధిమంతులే, చలికాలం రోడ్డు మీద ఎవరిష్టం వాళ్ళది.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకి ఇది అర్థమైపోయింది. 1972 డిసెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది, ఇలాంటివి 'డిఫీట్ డివైస్' కిందకి వస్తాయి, కుదరదు అని. 1973లో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్, టొయోటా ఈ గాలి వేడి స్విచ్చిలు మానెయ్యాల్సి వచ్చింది. మేం మోసం చెయ్యలేదు, ఇంజను కోసమే పెట్టాం అన్నాయి కంపెనీలు. పూర్తిగా అబద్ధం అని కూడా అనలేం. చలిలో ఇంజను సరిగ్గా నడవకపోవడం నిజమైన సమస్యే. అదే కాలంలో ఫోక్స్‌వాగన్ కూడా తన బండ్లలో ఉన్న ఇలాంటి స్విచ్చిల సంగతి చెప్పనందుకు, తప్పు ఒప్పుకోకుండానే 1,20,000 డాలర్లు కట్టింది. అవును, అదే ఫోక్స్‌వాగన్. 2015 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల డీజిల్ బండ్లలో పరీక్షని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి దొరికిపోయిన కంపెనీయే. ఈ రెంటికీ మధ్య 1995లో జనరల్ మోటార్స్ కాడిలాక్ కేసు ఉంది. ఏసీ వేస్తే పెట్రోలు ఎక్కువ పోసేలా చిప్పులో రాశారు. పరీక్ష జరిగేది ఏసీ ఆపేసి కదా! సుమారు 4,70,000 కార్లు వెనక్కి పిలిచారు, జరిమానాతో కలిపి ఖర్చు 4.5 కోట్ల డాలర్లు. నూనె ఒత్తిడితో రాసిన ఇఫ్ కండిషన్ చిప్పులోకి, అక్కణ్ణించి సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. ఈ మూడో దశలో కోడు రాసింది మనలాంటి వాడే అన్నది నాకు అప్పుడప్పుడూ గుర్తొచ్చి ఇబ్బంది పెడుతుంది.

మళ్ళీ 1970లకి వద్దాం. జనానికి ఈ టీసీఎస్ నచ్చలేదు. నచ్చే అవకాశమూ లేదు. బండి ఊళ్ళో మందకొడిగా లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక పెట్రోలు కోసం క్యూలు కట్టిన రోజుల్లో ఇది ఇంకా మండించింది. వాడు ఒక గొట్టం పీకి నేరుగా కలిపేవాడు, వీడు ఇంకో గొట్టంలో ఇనుప గోళీ కుక్కేవాడు. 1970 చట్టంలో ఇలాంటి పనులు చెయ్యకూడదని తయారీదార్లకి, డీలర్లకి మాత్రమే ఉంది. 1977 సవరణతో మెకానిక్ షాపులకీ వర్తింపజేశారు. సొంత కారు మీద సొంత చేత్తో చేసుకున్నా తప్పే అన్నది 1990 సవరణలో వచ్చింది. అందుకే ఇప్పుడు అమ్మకానికొచ్చే 1971 కారు బానెట్ ఎత్తితే గొట్టాలన్నీ యథాస్థానంలో ఉండటం అరుదు. మధ్యలో ఎన్ని చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు. కామెంట్లు లేని, వెర్షన్ కంట్రోల్ లేని కోడు.

ఇక గేర్‌బాక్సు మార్పిడి. 1975లో అమెరికా మైలేజీ చట్టం చేసింది, 1978 మోడళ్ళకి సగటున గ్యాలనుకి 18 మైళ్ళు రావాలని. దాంతో నాలుగో గేరు, అంటే ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్‌లు వచ్చాయి. జనరల్ మోటార్స్‌లో 1982లో వచ్చిన 700ఆర్4 బాగా పేరున్నది. పాత 350లో గేర్ల నిష్పత్తులు 2.52, 1.52, 1.00. ఇందులో 3.06, 1.63, 1.00, 0.70. వెనక యాక్సిల్ 3.31 ఉండి, టైరు 26 అంగుళాలైతే, గంటకి 65 మైళ్ళ దగ్గర పాత గేర్‌బాక్సుతో ఇంజను దాదాపు 2800 సార్లు తిరుగుతుంది, కొత్తదాంతో 1950 సార్లు. హైవే మీద హోరు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. అందుకే పాత కార్లవాళ్ళకి దీని మీద మోజు.

మా టీములో ఒక సీనియర్ ఉన్నాడు, అందరం అన్నా అనే పిలుస్తాం. శాన్ హోసేలో ఆయన దగ్గర 1971 మాంటే కార్లో ఉంది. దానికి 700ఆర్4 వేయిస్తూ, "ఆ పొల్యూషన్ వైర్లన్నీ కత్తిరించేద్దామనుకుంటున్నా తమ్మీ, ఎట్లాగూ ఆ ఏడాది బండ్లకి చెకింగ్ లేదు కదా" అన్నాడు. చెకింగ్ లేని మాట నిజమే. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ 1984లో మొదలైంది, ఇప్పుడు 1975, అంతకన్నా పాత మోడళ్ళకి అది లేదు. కానీ చెకింగ్ లేకపోవడం వేరు, తీసెయ్యొచ్చనడం వేరు. బండితో పాటు వచ్చిన నియంత్రణ పరికరాన్ని విప్పెయ్యడం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇప్పటికీ తప్పే.

చట్టం పక్కన పెట్టినా, అన్నకి నేను చెప్పింది వేరే. "ఆ వైరు కత్తిరిస్తే ఏమవుతుందో ముందు చూడన్నా" అన్నాను. ఎందుకంటే షెవ్రొలే 1970 పద్ధతిలో సొలెనాయిడ్‌కి కరెంటు వస్తే వాక్యూమ్ ఆగుతుంది. 1971లో దాన్ని తిరగేశారు, కరెంటు వస్తేనే వాక్యూమ్ వెళ్తుంది. బూలియన్ తిరగబడిందన్నమాట. కాబట్టి 1970 కారులో వైరు కత్తిరిస్తే అడ్వాన్స్ ఎప్పుడూ ఉంటుంది. 1971 కారులో కత్తిరిస్తే, వేడి స్విచ్చో టైమ్ రిలేయో ఆదుకుంటే తప్ప, ఇంక రాదు. పాత గేర్‌బాక్సు దించేశాక స్విచ్చి ఉండదు కాబట్టి, ఎవరూ కత్తిరించకపోయినా అదే పరిస్థితి. ఇంజను 1950 దగ్గర మెల్లిగా, పల్చటి మిశ్రమంతో నడుస్తోందంటే స్పార్క్ ముందుకి జరగాల్సిన అవసరం మామూలు కంటే ఎక్కువ. సరిగ్గా అప్పుడే అది రాదు. వేల డాలర్లు పోసి ఓవర్‌డ్రైవ్ వేయించుకున్నది మైలేజీ కోసం, ఒక్క వైరు దాన్ని మింగేస్తుంది. పైగా ఇంజను వేడెక్కుతోందని రేడియేటర్ మార్చుకుంటూ కూర్చుంటారు.

సరే, కొత్త గేర్‌బాక్సులో స్విచ్చి ఎక్కడ పెట్టాలి? 700ఆర్4 లోపల వాల్వ్ బాడీ మీద గేరుని బట్టి పనిచేసే ప్రెజర్ స్విచ్చిలు పెట్టుకునే చోట్లు ఉన్నాయి. టాప్ గేరు అంటే ఇప్పుడు నాలుగోది కదా, దానికే పెట్టేద్దాం అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. 1970లో ఆ స్విచ్చి అడిగిన ప్రశ్న "ఇది ఆఖరి గేరేనా" అని కాదు, "బండి నిలకడగా పోతోందా" అని. అప్పటికి రెండూ ఒకటే. ఇప్పుడు పాత మూడో గేరుతో సమానమైనది కొత్తదాంట్లో కూడా మూడోదే, 1.00. కాబట్టి మూడు, నాలుగు రెంటిలోనూ పనిచేసే సంకేతం కావాలి. దొరికిన స్విచ్చి మామూలుగా తెరిచి ఉండే రకమా, మూసి ఉండే రకమా అన్నది కూడా ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మతో సరిచూసుకోవాలి. ఇంటర్నెట్లో ఎవరో 1972 కారుకి చేసింది 1971కి నడవకపోవచ్చు.

ఇంకో రెండు సంగతులు. పాత 350కి వాక్యూమ్ మాడ్యులేటర్ ఉండేది, ఇంజను ఎంత బరువు లాగుతోందో గేర్‌బాక్సుకి వాక్యూమ్ గొట్టం ద్వారా తెలిసేది. 700ఆర్4కి అది ఉండదు, ఆ పని కార్బ్యురేటర్ నుంచి వచ్చే టీవీ కేబుల్ చేస్తుంది. ఖాళీ అయిన వాక్యూమ్ రంధ్రానికి గట్టి మూత పెట్టకపోతే అక్కణ్ణించి గాలి దొంగతనంగా లోపలికెళ్ళి, మిశ్రమం చెడి, కాలుష్యం అసలు దానికన్నా పెరుగుతుంది. టీవీ కేబుల్ సరిగ్గా కట్టకపోతే నూనె ఒత్తిడి చాలక క్లచ్చిలు కొద్ది రోజుల్లోనే కాలిపోతాయి. కాలుష్యం సంగతి ఆలోచించడానికి గేర్‌బాక్సే మిగలదు.

టార్క్ కన్వర్టర్ లాకప్ అని ఇంకోటుంది. కంప్యూటర్ ఉన్న కార్లలో దాన్ని కంప్యూటరే చూసుకుంటుంది. పాత కారులో దానికీ ఒక స్విచ్చి, ఒక వాక్యూమ్ గొట్టం, బ్రేకు పెడల్ దగ్గర ఇంకో స్విచ్చి కావాలి. అంటే టాప్ గేరులో నిలకడగా పోతుంటే కలుపు, బ్రేకు తొక్కితే విడిపించు. 1970 ఇంజనీరు ఏ పద్ధతిలో రాశాడో అదే పద్ధతి. అన్న నవ్వాడు, ఒక చెత్త పీకి ఇంకో చెత్త పెట్టుకుంటున్నామన్నమాట అని. చివరికి సీఈసీ వాల్వునీ పాత గొట్టాలనీ ఉన్నచోటే ఉంచి, మూడో గేరు స్విచ్చితో కొత్త వైరు లాగించాడు. పాత వైరు రంగు, కొత్త వైరు రంగు, ఏది ఎందుకు ఎక్కడికి వెళ్తుందో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బానెట్ లోపలివైపు అతికించాడు. దాని మీద తేదీ కూడా వేశాడు.